చేలో దిగబడని బండి



మంచు మీద నడిచే బండి సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకెందుకని మీకు అనిపించవచ్చు. మనకు మంచంటే ధనుర్మాసంలో కాలవగట్ల మీద కమ్ముకునే పొగమంచు. మహా అయితే ఏజెన్సీ ఎక్కి లంబసింగి దాకా వెళ్ళి, చలికి వణికి, టీ తాగి దిగి వస్తాం. చక్రం కూరుకుపోయేంత మంచు ఈ గడ్డ మీద పడలేదు, పడదు. అయినా బండి దిగబడటమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా అండీ? సార్వా పంట కోతకొచ్చిన వేళ తుపాను పట్టుకుందంటే, భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ చేలోకి ట్రాక్టరు దింపాలన్నా గుండె పీచుపీచుమంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, దాని వాన మన చేలనూ ముంచింది. పడిపోయిన వరి నీళ్ళలో నానుతూ ఉంటే గట్టు మీద నిలబడి చూడటం తప్ప చేసేదేమీ లేకపోయింది. చేలోకి మనిషి వెళ్ళగలడు, బండి వెళ్ళలేదు.

కెనడాలో, అమెరికా ఉత్తరాన మంచు పడే రాష్ట్రాల్లో కొందరు తమ చిన్న మోటారు బండ్లకు చక్రాల చోట పొక్లెయిన్లకు ఉండేలాంటి చైన్లు బిగించుకుంటారు. వాటిని కొనడం ఖరీదైన వ్యవహారం. అందుకని ఇంటి వెనక షెడ్డులో చెక్కలు, రబ్బరు బెల్టులు, నట్లు బోల్టులు పెట్టుకుని సొంతంగా తయారుచేసుకునే వాళ్ళు ఉన్నారు. వాళ్ళకు అడ్డం మంచు, మనకు అడ్డం బురద. దాటే విద్య మాత్రం ఒకటే. ఆ విద్య మన డెల్టాలో ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, ఆగినచోటి నుంచి మన వెల్డింగు షెడ్లు దాన్ని ముందుకు నడపగలవా అన్నది ఈ పూట నా ప్రసంగం.

ముందు ఒక చిన్న లెక్క. కాగితం, పెన్సిలు అక్కర్లేదు, వింటే చాలు. 65 కిలోల మనిషి రెండు కాళ్ళ మీద నిలబడ్డాడనుకోండి. ఒక్కో పాదం నేలను తాకే మేర సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. రెండూ కలిపి 400. అంటే చదరపు సెంటీమీటరుకు 160 గ్రాముల బరువు పడుతుంది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు ఒక్క కాలి మీదే ఉంటాడు కాబట్టి అది 320 గ్రాములవుతుంది. దమ్ము చేలో నడిచేటప్పుడు పిక్కల దాకా దిగేది అందుకే. ఇక ట్రాక్టరు. టైరులో గాలి పీడనం ఎంతో, ఆ టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు అంత ఉంటుందని మోటు లెక్క ఒకటుంది. ట్రాక్టరు వెనక టైరులో చదరపు సెంటీమీటరుకు కిలో అటూఇటూగా గాలి పెడతారు. నడిచే మనిషికి మూడింతల ఒత్తిడన్నమాట. ఇప్పుడు మూడు టన్నుల కోత మిషను, కింద రెండు రబ్బరు చైన్లు. ఒక్కో చైను 45 సెంటీమీటర్ల వెడల్పు, నేలను తాకే పొడవు మీటరున్నర అనుకుంటే, రెండూ కలిసి పరుచుకున్న మేర 13,500 చదరపు సెంటీమీటర్లు. మూడు వేల కిలోల బరువును అంత మేరకు పంచితే చదరపు సెంటీమీటరుకు దక్కేది 220 గ్రాములు. మూడు టన్నుల ఇనుము, చేలో నడిచే మనిషి కంటే తేలిగ్గా అడుగు వేస్తోందన్నమాట.

బరువును పరచడం సగం విద్య. పరిచిన తర్వాత పట్టు చిక్కాలి. అది మిగతా సగం. జారుడు నేల మీద పలక లాంటి చైను వేస్తే దిగబడదు, అలాగని ముందుకీ పోదు. అందుకని చైనుకు అడ్డంగా పళ్ళు కావాలి. ఆ పళ్ళు మట్టిని వెనక్కి తోస్తే బండి ముందుకు కదులుతుంది.

ఈ చైను ఎక్కడ పుట్టిందో తెలుసా అండీ? మంచు దేశంలో పుట్టిందనుకుంటారు చాలామంది. యుద్ధరంగంలో, టాంకులతో పుట్టిందని ఇంకొందరు అంటారు. అది పేరు తెచ్చుకున్నది మాత్రం ఒక డెల్టాలో, పంట పొలంలో. కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ నది డెల్టా ఉంది. కుళ్ళిన తుంగ, రెల్లు వేర్లతో ఏర్పడిన మెత్తటి నల్లనేల అది. దున్నితే బంగారం పండుతుంది, యంత్రం దించితే మింగేస్తుంది. పక్కనే స్టాక్టన్ పట్టణంలో బెంజమిన్ హోల్ట్ అనే ఆయన ఆవిరి ట్రాక్టర్లు తయారుచేసేవాడు. దిగబడకుండా ఉండటానికి చక్రాలను వెడల్పు చేసుకుంటూ పోయాడు. ఒక్కో చక్రం ఆరడుగుల వెడల్పుకు వచ్చింది. అలాంటివి పక్కపక్కన బిగించేసరికి ట్రాక్టరు కాస్తా ఇల్లంత అయి, మలుపు తిరగడమే గగనమైపోయింది. చివరికి చక్రాలు తీసేసి, గొలుసులకు చెక్క పలకలు బిగించి, ఆ గొలుసుల మీద ట్రాక్టరును నడిపించాడు. 1904 నవంబరు 24న స్టాక్టన్ దగ్గర లంకనేలలో జరిగింది ఆ పరీక్ష. మనుషులు కూరుకుపోయే చోట ట్రాక్టరు నడిచి వెళ్ళింది. గొంగళిపురుగులా పాకుతోందని అక్కడున్న వాళ్ళకు తోచింది, ఆ పేరే స్థిరపడింది. ఆయన కంపెనీయే 1925లో మరో కంపెనీతో కలిసి క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ అయింది. ఉండి, ఆకివీడు వైపు చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్లు ఏ చైన్ల మీద నడుస్తున్నాయో, ఆ చైన్ల తాత ఈ చెక్క పలకల గొలుసే.

మంచు సంగతికి వస్తే రెండు కథలు చెప్పాలి. మొదటి కథ కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలోని వాల్‌కూర్ అనే ఊరిది. అక్కడ జోసఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు ఉండేవాడు. పదిహేనో ఏట, 1922లోనే, పాత ఫోర్డు కారు ఇంజనుకు విమానం రెక్క లాంటి పంకా తగిలించి మంచు మీద నడిపి వీధిలో వాళ్ళను హడలెత్తించిన కుర్రాడు. అతనికి గరాజు ఉంది, ఇల్లు ఉంది, పెళ్ళాం బిడ్డలున్నారు. 1934 చలికాలంలో రెండేళ్ళ కొడుకుకు కడుపులో అపెండిక్స్ జబ్బు ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి లేదు. పిల్లవాడు చనిపోయాడు. వరద రోజుల్లో లంక గ్రామాల్లో రోగిని పడవ కోసం మోసుకొచ్చిన వాళ్ళకు ఆ తండ్రి బాధ నేను చెప్పనక్కర్లేదు.

బొంబార్డియే అప్పటికే మంచు బండి మీద కుస్తీ పడుతున్నాడు. అతనికి ఎదురైన చిక్కు వినండి, అది మనకూ పనికొస్తుంది. చైనును తిప్పే పళ్ళ చక్రానికి మంచు అంటుకుని గడ్డకట్టేది. గడ్డకట్టగానే చైను పట్టు తప్పి ఊడిపోయేది. పళ్ళ చక్రానికి రబ్బరు తొడుగు వేసి ఆ చిక్కును విప్పాడు. 1937లో పేటెంటు వచ్చింది. అదే సంవత్సరం ఏడుగురు కూర్చునే మంచు బండి అమ్మకానికి పెట్టాడు. డాక్టర్లు, పోస్టు తీసుకెళ్ళే వాళ్ళు, పిల్లల్ని బడికి దింపే వాళ్ళు అవి కొన్నారు. 1959లో వచ్చిన చిన్న స్కీడూ బండితో ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది.

రెండో కథలో బండి మనకు చుట్టమే. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1957 అక్టోబరులో అంటార్కిటికా తీరం నుంచి బయలుదేరి, 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరాడు. వెళ్ళింది మామూలు వ్యవసాయ ట్రాక్టర్ల మీద. ఫెర్గూసన్ ట్రాక్టరు, ముప్పై గుర్రాల బలం కూడా లేని ఇంజను. ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ కలుపుతూ ఒక్కటే చైను చుట్టి, చైను జారకుండా మధ్యలో చిన్న చక్రం ఒకటి పెట్టారు. తల మీద కప్పు లేదు, చలికి గుడ్డ కప్పుకుని రెండు వేల కిలోమీటర్ల దాకా ప్రయాణం. ఆ ఫెర్గూసన్ వంశంలోదే మన మ్యాసీ. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ మ్యాసీ ఫెర్గూసన్‌లు తయారుచేసి మన చేలలో దింపింది. ధ్రువంలో మంచు తొక్కిన ట్రాక్టరు తమ్ముళ్ళు కొత్తపేటలోనూ, పెనుగొండలోనూ దమ్ము తొక్కాయన్నమాట. ఇది నాకు భలే నచ్చే సంగతి.

సరే, మన చేలలోకి వద్దాం.

ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, డెల్టా అంతా వరి అయింది. వరి అంటే దమ్ము. నీళ్ళు పెట్టి, మట్టిని గుజ్జుగుజ్జు చేసి, అడుగున నీరు ఇంకని గట్టిపొర ఏర్పడేలా తొక్కాలి. ఈ పని వందేళ్ళకు పైగా దున్నపోతులు చేశాయి. వాటి గిట్ట తయారీ చూడండి. కాలు మోపితే గిట్ట రెండుగా విచ్చుకుని వెడల్పవుతుంది, పైకి లాగితే ముడుచుకుని సన్నబడుతుంది. బురద పీల్చి పట్టుకోలేదు. ఏ ఇంజనీరూ ఇంతకంటే బాగా గీయలేడు.

ట్రాక్టరు వచ్చింది. బురద టైరు మీద పడగానే దాని గాడులన్నీ నల్లబంక మట్టితో పూడిపోయి, టైరు నున్నటి డప్పులా తిరగడం మొదలెట్టింది. దానికి జవాబుగా మనవాళ్ళు కట్టుకున్నవే దమ్ము చక్రాలు. కేజీ వీల్స్ అని కూడా అంటారు. ఇనుప రింగులు, వాటి మధ్య అడ్డపట్టీలు, పట్టీలకు ఏటవాలుగా అతికిన ఎల్ యాంగ్లర్ ముక్కలు. మన డెల్టాలో ఇంట తయారైన మంచు చైనుకు సరిసాటి వస్తువు ఏదంటే ఇదే. పెద్ద కంపెనీ ఏదో గీసిచ్చిన నమూనా కాదు, మెయిన్ రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్న వెల్డరు, రైతు చెప్పిన కష్టం విని, తన ఊరి మట్టికి తగ్గట్టు అతికి ఇచ్చే వస్తువు. ఇనుము పనికి ఈ నేలలో పాత వేళ్ళున్నాయి. ఆనకట్ట కట్టే రోజుల్లో ధవళేశ్వరంలోనే వర్క్‌షాపులు నడిచాయి. అప్పటి సామాను కొంత అక్కడి కాటన్ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు.

దమ్ము చక్రంలో నేర్పంతా ఖాళీలో ఉంది. పట్టీకీ పట్టీకీ మధ్య జాగా ఎక్కువైతే బండి గతుకుతుంది. తక్కువైతే మధ్యలో మట్టి కూరుకుని చక్రం గుండ్రాయి అవుతుంది. ఏటవాలు ఎందుకంటే, పట్టీ మొత్తం ఒక్కసారి దెబ్బ కొట్టకుండా ఒక కొస నుంచి రెండో కొసకు మెల్లగా దిగడానికి, అంటిన మట్టి పక్కకు జారిపోవడానికి. ఇసుకపాలు ఉన్న ఒండ్రునేలకు ఒక కొలత, ఎగువన నల్లరేగడికి ఒక కొలత. బొంబార్డియే మంచుతో పడ్డ తంటా, మనవాళ్ళు బంకమట్టితో పడ్డారు. పూడుకుపోకుండా చూసుకోవడమే ఇద్దరూ కనిపెట్టిన కిటుకు.

వీటిలో రెండు రకాలు. టైరు విప్పేసి మొత్తంగా బిగించే పూర్తి చక్రం ఒకటి. టైరు పక్కన తగిలించే సగం చక్రం రెండోది. పూర్తి చక్రానికి పట్టు ఎక్కువ, కాని దానితో రోడ్డెక్కితే తారు చీరుకుపోతుంది. ఏటా దమ్ముల కాలంలో అధికారులు హెచ్చరించడం, పోలీసులు కేసులు రాయడం, అయినా తెల్లారేసరికి కొత్త రోడ్డు మీద పట్టీల అచ్చులు కనబడటం మామూలైపోయింది. ట్రాక్టరు నడిపేవాడి వైపు నుంచి చూస్తే, ఒక చేను అయ్యాక చక్రాలు విప్పి టైర్లెక్కించి, అర కిలోమీటరు నడిచి మళ్ళీ విప్పి ఎక్కించడం నరకం. దీనికి మందు షెడ్డులోనే ఉంది. సగం చక్రాన్ని టైరు కంటే రెండు మూడంగుళాలు తక్కువ ఎత్తులో కట్టించుకుంటే రోడ్డు మీద టైరే ఆనుతుంది, ఇనుము గాలిలో తిరుగుతుంది. బురదలో టైరు కాస్త దిగగానే పట్టీలు అందుకుంటాయి. రోడ్డు బతుకుతుంది, కేసూ ఉండదు. అయితే ఊబి చేలకు ఇది చాలదు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఇంకో మాట ఉంది, అది ప్రాణాలకు సంబంధించినది. ట్రాక్టరు చేలో దిగబడితే కొంతమంది వెనక చక్రాలకు అడ్డంగా తాటి దుంగో, కొయ్యో కట్టి ఇంజను రేపుతారు. దుంగ ఎక్కి బయటికి వస్తుందని ఆశ. ఏం జరుగుతుందో వినండి. చక్రం తిరగలేదు, ఇంజను ఆగదు. అప్పుడు ఆ బలం ఎటు పోతుంది? చక్రం తిరగకపోతే ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముక్కు పైకి లేచి, రెప్పపాటులో వెనక్కి తిరగబడి నడిపేవాడి మీద పడుతుంది. దూకడానికి టైము ఉండదు. దిగబడితే ఇంజను ఆపండి. చక్రాల ముందూ వెనకా మట్టి తీయించండి. మెల్లగా వెనక్కి రావడానికి చూడండి. రాకపోతే ఇంకో ట్రాక్టరు తెప్పించి, గొలుసు కింది కొక్కేనికే తగిలించి లాగించండి. పైన ఎక్కడో కట్టకండి. దమ్ము చక్రాలతో నడిచే ట్రాక్టరు మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ మాట ఒక్కటి గుర్తుంచుకోండి.

దమ్ము చక్రం దమ్ముకు సరిపోయింది. కోతకు సరిపోదు. దమ్ములో మట్టి గుజ్జవడం మనకు కావాలి, కోతలో అక్కర్లేదు. పైగా ధాన్యం తొట్టి నిండినకొద్దీ మిషను బరువెక్కుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో కూలి ఖర్చు ఒకటి, మురుగు కదలక చేలు మునగడం ఒకటి. కూలీలు దొరక్కపోవడం కోత మిషన్లను రప్పించింది. చేలు మునగడం ఆ మిషన్లలో రకాన్ని తేల్చింది. ఎండు చేలో టైరు మిషను చాలు. తడి చేలోకి చైను మిషనే రావాలి. అందుకే అద్దె మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న టైరా, చైనా అని. చైను మిషనుకు గంట కిరాయి ఎక్కువ. కారణముంది. దాని రబ్బరు చైనులో ఉక్కు తీగలు అల్లి ఉంటాయి, పళ్ళ చక్రం పట్టుకునే చోటల్లా ఇనుప దిమ్మలు పొదిగి ఉంటాయి. తారు రోడ్డు మీద నడిపితే అది అరిగిపోతుంది. కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య లారీ ఎక్కించి తేవాలి. కుబోటా లాంటి జపాను కంపెనీల మిషన్లు ఇప్పుడు మన చేలలో కొత్త కాదు. మార్టేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, ఐదు నెలల పంట. అది కోతకొచ్చే రోజులూ, బంగాళాఖాతంలో తుపాన్ల రోజులూ ఒకటే. పైరు పడిపోయి, కింద నీళ్ళు నిలిచి ఉన్నప్పుడు చైను మిషను రాకపోతే ఎకరాలకు ఎకరాలు మొలకెత్తుతాయి.

ఇప్పుడు అసలు విషయం. చేలోకి దిగి దమ్ము చేసే ఉపాయం మనకుంది. చేలోకి దిగి కోసే ఉపాయం వచ్చింది. చేలోంచి సరుకు బయటికి మోసే ఉపాయం మాత్రం ఇంకా మనిషి నెత్తే. తడి చేలో చేత్తో కోసిన పనలను గట్టుకు చేర్చాలన్నా, నారు కట్టలను మడిలో పంచాలన్నా, ఎరువు బస్తా లోపలికి తీసుకెళ్ళాలన్నా మనిషి పిక్కల్లోతు బురదలో నడవాలి. కొల్లేరు వైపు తాటి దోనెలున్నాయి, అవి నీళ్ళుంటేనే. మోకాలు లోతు లేని బురదలో దోనె నడవదు. చేపల, రొయ్యల చెరువుల దగ్గర ఇంకో అవస్థ. వానపడ్డ నల్లమట్టి గట్టు మీద మేత బస్తా పెట్టుకుని మోటారు సైకిలు నడిపే కుర్రవాణ్ణి చూడండి, అది సర్కసు. జపానులో తోటలలో, వరి చేలలో రబ్బరు చైన్ల మీద నడిచే చిన్న మోతబండ్లు మామూలు వస్తువులు. మనిషి వెనక నడుస్తూ చేతిపిడితో నడుపుకుంటాడు. మన దగ్గర ఆ జాగా ఖాళీగా ఉంది. ట్రాక్టరుకు చైన్లు తొడగాలని ఉబలాటపడే కుర్రాళ్ళకు నేను వద్దంటాను. పెద్ద బండికి చైను తొడిగితే గేరుబాక్సు మీద, ఇరుసు మీద లేని భారం పడి విరుగుతాయి. చిన్న మోతబండి కట్టండి, అది మన షెడ్లకు అందే పని.

మళ్ళీ లెక్క. మన బస్తా 75 కిలోలు. నాలుగు బస్తాలు 300 కిలోలు. బండి సొంత బరువు 250 కిలోలకు మించకుండా కడదాం. మొత్తం 550. ఒక్కో చైను 20 సెంటీమీటర్ల వెడల్పు, నేలను తాకే పొడవు మీటరు. రెండూ కలిపి 4,000 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 140 గ్రాములు కూడా లేదు. ఒట్టి చేతులతో నిలబడ్డ మనిషి కంటే తక్కువ. మనిషి నడవగలిగిన ప్రతి చేలోనూ నాలుగు బస్తాలతో ఆ బండి నడుస్తుందన్నమాట.

చైను కట్టడం ఎలాగంటే, ఒక్కో వైపుకు రెండు సన్నటి బెల్టులు తీసుకోండి. రైసు మిల్లులో ధాన్యం పైకెత్తే బెల్టు పాతది దొరికితే మంచిది, లోపల గుడ్డ పొరలుంటాయి కాబట్టి తొందరగా సాగదు. రెండు బెల్టులనూ పక్కపక్కన ఉంచి, మధ్యలో రెండంగుళాల సందు వదిలి, అడ్డంగా మూడు నాలుగు అంగుళాలకొకటి చొప్పున ఎల్ యాంగ్లర్ ముక్కలు బోల్టులతో బిగించాలి. బోల్టు తల కింద వెడల్పాటి వాషరు లేకపోతే నెల తిరక్కుండా బెల్టు చిరుగుతుంది. మధ్య సందులోకి పళ్ళ చక్రం పన్ను దిగి యాంగ్లరును పట్టుకుని లాగుతుంది. యాంగ్లరుకూ యాంగ్లరుకూ మధ్య దూరం ఎంతో, పన్నుకూ పన్నుకూ మధ్య దూరం సరిగ్గా అంతే ఉండాలి. ఇక్కడ గీత తేడా వస్తే చైను పన్నెక్కి దూకుతుంది. అందుకని మొదటి ముక్క నుంచి కొలుచుకుంటూ పోవద్దు. ఒక అచ్చు తయారుచేసుకుని, అన్ని రంధ్రాలూ ఆ అచ్చులోనే వెయ్యండి. పళ్ళ చక్రం లేతు షాపులో కోయించుకోవాలి. చేత్తో గ్యాసుతో కోసింది ఈ పనికి రాదు.

మంచు బండ్లు కట్టేవాళ్ళు చెక్క పలకలు వాడతారు. మన మట్టికి చెక్క వద్దు, నాని ఉబ్బుతుంది, బంక పట్టుకుంటుంది. వాళ్ళ చైను నుంచి మనం తీసుకోవలసింది సందులు వదలడం. చైనులో ఎంత ఖాళీ ఉంటే మట్టి అంత తేలిగ్గా రాలిపోతుంది. పళ్ళ చక్రం పక్కన చిన్న గీకుడు పలక కూడా అతకండి.

చైను కిందినుంచి బరువు మోసే చిన్న చక్రాలు ఒక్కో వైపు నాలుగైనా ఉండాలి. రెండే పెడితే బరువంతా రెండు చోట్లే పడి, పరిచిన చైను పరిచినట్టు పని చెయ్యదు. ఇది మొదటిసారి కట్టేవాళ్ళకు తోచదు. బేరింగుల్లోకి బురదనీళ్ళు దూరడం ఈ బండికి ప్రధాన శత్రువు. సీలున్న బేరింగు వేసి, గ్రీజు నిపిలు పెట్టి, ఏ పూటకాపూట గ్రీజు కొట్టాలి. చైను ముందు కొస నేల నుంచి అడుగు ఎత్తు లేచి ఉండాలి, లేకపోతే గట్టు ఎక్కదు. బోదె దాటాలంటే చైను పొడవు బోదె వెడల్పుకు రెండున్నర రెట్లైనా కావాలి. అడుగున్నర బోదెకు నాలుగడుగుల చైను సరిపోతుంది. బస్తాలు సరిగ్గా మధ్యలో పెట్టాలి. వెనక్కి జరిగితే ముక్కు లేచి తోక దిగబడుతుంది.

ఇంజనుకు ఐదు నుంచి ఏడు గుర్రాల డీజిలు ఇంజను చాలు. గేరుబాక్సు, మలుపు తిప్పడం దగ్గరే చాలామంది చతికిలబడతారు. పాత డీజిలు ఆటో వెనక భాగం మొత్తంగా తెచ్చుకోండి. దాంట్లో రివర్సు గేరు ఉంది, రెండు చక్రాలనూ వేరువేరు వేగంతో తిప్పే డిఫరెన్షియలూ ఉంది. ఎడమ బ్రేకు, కుడి బ్రేకు విడదీసి చేతిపిడులకు తగిలిస్తే, ఏ వైపు బ్రేకు నొక్కితే బండి ఆ వైపు తిరుగుతుంది. బురదలో ఉన్నచోట ఉన్నట్టు గిర్రున తిప్పకూడదు, చైను ఊడుతుంది. వెడల్పుగా మలుపు తీసుకోవాలి. వేగం మనిషి నడకను మించకూడదు. పిడి వదిలితే బండి ఆగిపోయేలా క్లచ్చు కట్టాలి. చైన్ల మీద రేకు కప్పాలి, లుంగీ కొస, చీర చెంగు అందులో చిక్కితే వదలదు. ఇలాంటి బండి చేలలో, సొంత గట్ల మీదే. రిజిస్ట్రేషను లేనిదాన్ని రోడ్డెక్కిస్తే కేసవుతుంది.

మొదట్లో చైను ఊడుతుంది, బెల్టు సాగుతుంది, పన్ను విరుగుతుంది. బిగించడానికి స్క్రూ పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

పాలిటెక్నిక్ మాస్టార్లకు, మండపేట, రావులపాలెం, తణుకు, భీమవరం షెడ్లలో దమ్ము చక్రాలు అతికే వెల్డర్లకు నాదొక మనవి. మీలో ఒకరికి లెక్క వచ్చు, ఒకరికి చెయ్యి వచ్చు. కలిసి కూర్చోండి. ఊళ్ళో చేలలో బస్తాలు మోసే వాళ్ళను కూడా పిలిచి, పిడి ఏ ఎత్తులో ఉండాలో వాళ్ళనడగండి. దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, దమ్ము చక్రాల బేరాలు ఉండవు, షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఆ నెలన్నరలో మొదటి బండి కట్టవచ్చు. జూనులో నీళ్ళు వదలగానే మొదటి దమ్ము చేలోనే దాన్ని దింపి చూడవచ్చు.